బొమ్మ కనబడితే చాలదు, అది పందా మనిషా తేలాలె

పోస్టు కొంచెం పెద్దగుంటది. కోపమొస్తే కామెంట్లల్ల తిట్టండి, కానీ మొత్తం చదివినంక తిట్టండి.

ఈ మధ్య మన పోరల ఫోన్లల్ల ఒకటే వీడియోలు. ఎయిర్‌గన్ స్కోపు వెనక చిన్న కెమెరా తగిలిస్తే రాత్రి పగలైతదట, 500 మీటర్ల అవతల పంది కండ్లు మెరుస్తయట, ఇక అడవి పందుల బాధ తీరినట్టేనట. మక్క కంకి పాలు పట్టే టైముకు, పల్లి ఊడలు దిగే టైముకు ఈ ప్రకటనలు ఇంకా ఎక్కువైతయ్. నెల రోజులు నిద్ర లేకుండా కావలి కాసినోడు ఏది చూపిస్తే అది కొంటడని అమ్మేటోళ్లకు బాగా తెలుసు.

నేను ఆ సామాను దండగ అనడం లేదు. అమ్మేటోళ్లు సగమే చెప్తున్నరు, మనోళ్లు తప్పు జాగల బిగిస్తున్నరు అంటున్న. అది ఉండాల్సింది మంచె మీద, తుపాకీ మీద కాదు.

ముందు బొమ్మ సంగతి. కొన్నోళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు: "అంతా పొగలెక్క, మంచులెక్క కనబడుతుంది." కారణాలు ఉన్నయి.

ఆ కెమెరా చీకట్లో చూడదు. మన కంటికి కనబడని ఐఆర్ వెలుగు టార్చి నుంచి పోయి, ఏదో ఒకదానికి తగిలి తిరిగొస్తే దాన్ని పట్టుకుంటది. అంటే వెలుగు ఎంత దూరం పోతే చూపు అంతే. 850 టార్చి కొంచెం దూరం పోతది కానీ దగ్గర నుంచి చూస్తే ఎర్రగా మినుకుమంటది. 940 టార్చి కనబడదు, కానీ దూరం తగ్గుతది. డబ్బా మీద 500 మీటర్లని రాసినా, దానితో వచ్చే చిన్న టార్చికి అంత శక్తి ఎక్కడిది?

రెండోది, టార్చిని స్కోపుకు ఆనించి కట్టొద్దు. ముందున్న గడ్డి, మక్క ఆకు, స్కోపు మూతి అంచు ఆ వెలుగుకు తెల్లగా మెరిసి, వెనక ఉన్నదంతా నల్లబడిపోతది. చలికాలం పొగమంచులో అయితే బండి హెడ్‌లైటు వేసినట్టే, తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. టార్చిని కొంచెం పక్కకు, పైకి పెట్టి వెలుగును సన్నగా చేసుకోవాలె.

మూడోది ఫోకసు. పగలు సరిచేసిన ఫోకసు రాత్రి పనికిరాదు. ఐఆర్ వెలుగు అద్దంలో మామూలు వెలుగు కలిసిన చోట కలవదు, కొంచెం తప్పుతది. అందుకే టార్చి వేసి, చీకట్లోనే, ఒక గుంజను చూస్తూ ముందు రింగు, వెనక రింగు, కెమెరా ఫోకసు మూడూ తిప్పి సరిచేయాలె. చవక స్కోపుకు ముందు రింగే ఉండదు. దాంతో దగ్గరి వస్తువు ఎప్పటికీ మసకే.

నాలుగోది జూము. 40 మిల్లీమీటర్ల అద్దాన్ని 4 రెట్ల మీద పెడితే వెనక నుంచి వచ్చే వెలుగు 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటది. 16 రెట్లకు పెంచితే రెండున్నరే. రాత్రి పూట జూము తగ్గించాలె. ఇక తెర మీద వేలితో పెద్దది చేసుకునే జూము ఉత్త మోసం, చుక్కలు పెద్దగైతయ్ కానీ కొత్తగా ఏమీ తెలవదు. స్కోపుకూ కెమెరాకూ మధ్య సందు ఉంటే రబ్బరు తొడుగు వేయాలె, పక్క వెలుగు లోపలికి రావొద్దు.

ఇవన్నీ సరిచేస్తే బొమ్మ బాగుపడుతది. అయినా అది నలుపు తెలుపు బొమ్మే. మక్కలో వంగి నీళ్లు మళ్లించే మనిషి, దుప్పటి కప్పుకొని గట్టు మీద కూసున్న ముసలాయన, తప్పిపోయిన దూడ, పంది, ఆకుల సందున అన్నీ ఒక నల్ల ముద్దే. రెండు కండ్లు మెరిస్తే పంది అనుకుంటమా? కుక్క కండ్లూ మెరుస్తయ్, బర్రె కండ్లూ మెరుస్తయ్. మన పొలాల్లో రాత్రి మనుషులు ఉండరా? మోటరు దగ్గర ఒకరు, కావలికి ఒకరు, బయటికి పోయేటోళ్లు ఒకరు. తూటా వాళ్ల పేరు అడగదు.

ఇంకో మాట. లైసెన్సు లేకుండా దొరికే ఎయిర్‌గన్ 0.177 బోరు, 20 జౌళ్ల లోపుదే. దాంతో పంది చావదు, గాయపడుతది. గాయపడ్డ పంది తెల్లారి గడ్డికి పోయిన ఆడోళ్ల మీదికి ఉరుకుతది. నాటు తుపాకీ పట్టుకుంటే జైలే. పైగా 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినంక అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా చంపితే నేరం. వీడియో పెట్టినోడు కోర్టుకు రాడు, నువ్వు పోవాలె.

"అయితే పంట పందులకు పెట్టి మేం పస్తులుండాల్నా?" అని అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే, కానీ అడగాల్సింది సర్కారును. అదే చట్టం 11వ సెక్షన్‌లో, నిలబడ్డ పంటకు ప్రమాదమైతే చంపడానికి అనుమతి ఇచ్చే అధికారం అధికారులకు ఉంది. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చిండ్రు. కాగితం మీద హక్కు ఉంటే చాలదు, మక్క కంకి మీద ఉన్నప్పుడే షూటర్ రావాలె. కోత అయినంక అనుమతి వస్తే దాన్నేం చేసుకుంటం? వచ్చే షూటర్‌కూ ఒక షరతు ఉండాలె: ఊర్లో ముందే చాటింపు వేయాలె, తెర మీద జంతువు నిండుగా, స్పష్టంగా కనబడనిదే, దాని వెనక ఏముందో తెలవనిదే పేల్చొద్దు.

అప్పటిదాకా మనం ఏం చేయాలె? నలుగురు రైతులు కలిసి ఒక కెమెరా కొనండి, మంచె మీద స్టాండుకు బిగించండి. పందికి చూపు తక్కువ, ముక్కూ చెవీ ఎక్కువ. అది చేను గట్టు దాటకముందే మీరు చూస్తే డప్పు, అరుపు, పెద్ద లైటుతో మళ్లించొచ్చు. రాత్రంతా అరిచే పని తప్పుతది. ఆ వీడియో దాచుకోండి, నష్టపరిహారం దరఖాస్తుకు తేదీతో సహా జతచేయండి. "పందులు వచ్చినట్టు రుజువేది" అన్నోళ్ల ముందు పెట్టండి.

చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి. పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు పోయిన వార్త ఏటా పేపర్లో చదువుతనే ఉన్నం. గుడ్డిగా పేల్చిన తూటా కూడా అలాంటిదే. పోయిన పంట వచ్చే కారుకు మళ్లీ వేసుకుంటం. మనిషిని ఎక్కడి నుంచి తెస్తం?

మీ ఊర్లో ఎవరన్నా ఈ సామాను కొనే ఆలోచనలో ఉంటే, డబ్బు కట్టకముందు ఈ పోస్టు చూపించండి.