ఆల్విన్ లారీ ఎందుకు ఆగింది?

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులో పట్టుబడి ఉందంటే ముందుగా వెతుక్కునేది చిన్న బండినే. పెద్ద లారీ గట్టు మీదికి రాదు, వచ్చినా తిరగదు. ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య సర్ది, కిలోకు ఎన్ని రొయ్యలో కౌంట్ చూసుకుని, ఎండ ముదరకముందే నెల్లూరు రోడ్డెక్కాలి. ఆ బండి మీద టాటా పేరో, మహీంద్రా పేరో, అశోక్ లేలాండ్ పేరో ఉంటుంది. ఒకప్పుడు తెలుగు గడ్డ మీదే ఆల్విన్ పేరుతో చిన్న లారీ తయారైంది. మన పిల్లలు చదవాల్సిన చరిత్ర అది.

హైదరాబాద్ ఆల్విన్ 1942లో, నిజాం ఏలుబడిలో పుట్టింది. బీరువాలు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు, బస్సు బాడీలు, ఏది పట్టుకున్నా చేసి చూపించిన సంస్థ. 1980ల్లో జపాన్ నిస్సాన్‌తో చేతులు కలిపి, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ పెట్టి, క్యాబ్‌స్టార్ లారీలు తయారుచేసింది. అదే రోజుల్లో డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి కూడా బయల్దేరాయి. నాలుగింటికీ జపాన్ పరిజ్ఞానమే ఆధారం.

దెబ్బ ఎక్కడో న్యూయార్క్‌లో తగిలింది. 1985 సెప్టెంబరులో అక్కడి ప్లాజా హోటల్లో అయిదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరు విలువ దించాలని తీర్మానించారు. అప్పటికి డాలరుకు 240 యెన్ల దాకా వచ్చేవి. రెండేళ్లు తిరిగేసరికి 150 కూడా రాలేదు. జపాన్ నుంచి ఓడలో వచ్చే ప్రతి విడిభాగం ఖరీదూ కొండెక్కింది. సరిగ్గా అప్పుడే, 1986లో, టాటాలు సొంతంగా రూపొందించిన 407ను దించారు. దాని భాగాలు ఇక్కడివే. ఊళ్లో మెకానిక్ విప్పి బాగుచేయగలిగిన బండి, ధరా అందుబాటు. ఇక పోటీ ఎక్కడిది? దశాబ్దం ముగిసే నాటికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారమూ తర్వాత వోల్టాస్ పరమైంది.

తప్పు కార్మికుల చేతుల్లో లేదు. జహీరాబాద్‌లో మహీంద్రా ఇప్పటికీ బండ్లు తయారుచేస్తూనే ఉంది. లోపమంతా ఒప్పందంలోనే ఉంది. బండి మనది, భాగాలు వాళ్లవి. యెన్ కదిలితే మనం కూలిపోయే ఏర్పాటు అది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, 2016 నుంచి మన పక్కనే శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. ఎలక్ట్రిక్ ట్రాలీ బండ్లు తయారుచేసే కంపెనీలకు రాష్ట్రాలు పోటీపడి పిలుపులు పంపుతున్నాయి. ఎలక్ట్రిక్ బండి ఖరీదులో పెద్ద వాటా బ్యాటరీది. అందులోని సెల్స్ నేటికీ ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. ఎన్ని వేల కోట్ల పెట్టుబడి, ఎన్ని వందల ఎకరాలు అని పత్రికల్లో పతాక శీర్షికలు వస్తాయి. అవీ కావాలి, కాదనను. కానీ భూమి ఇచ్చే రోజే ఇంకొకటి రాయించుకోవాలి: ఏ భాగం ఏ ఏడాదికల్లా ఏ ఊళ్లో తయారవుతుందో. ఆ పట్టికను శాసనసభ ముందుంచి, ఏడాదికోసారి లెక్క చెప్పాలి. నెల్లూరు ఎమ్మెల్యేలు ఈ ప్రశ్న అడగాలని కోరుతున్నాను.