మోసినవాని పేరు

యతి కుదిరిన పద్యంలో యతిని ఎవరూ గమనింపరు. తప్పినచోట మాత్రం చెవి గల ప్రతివాడూ ఆగిపోతాడు. అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో బేస్ వాద్యానిది సరిగా ఇదే స్థితి. గాయకుని గొంతు, గిటారు, మౌతార్గాన్ ముందుగా చెవిని చేరుతాయి. వాటన్నిటి క్రింద మంద్రస్థాయిలో నడిచే బేస్ ఒకటున్నదని, అది ఆగిన క్షణాన గాని తెలియదు. శ్రుతికి ఆధారంగా, లయకు తోడుగా నిలిచి పాటను మోయడమే దాని పని.

ఆ పని జీవితాంతం చేసినవారిలో విల్లీ డిక్సన్ (1915-1992) అగ్రగణ్యులు. మిసిసిపీ రాష్ట్రపు విక్స్‌బర్గ్‌లో పుట్టి, 1936లో షికాగో చేరారు. భారీకాయులు, తొలుత బాక్సింగ్ చేశారు. రేకుడబ్బాకు ఒక్క తీగ బిగించి మిత్రుడొకరు చేసియిచ్చినదే ఆయన మొదటి బేస్. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, తన జాతిని సమానంగా చూడని దేశం కోసం ఆయుధం పట్టనని చెప్పి చెరసాలకు వెళ్ళారు. 1950ల దశకంలో షికాగోలోని చెస్ రికార్డుల సంస్థలో పాటలు వ్రాస్తూ, ఇతరుల పాటలకు బేస్ వాయిస్తూ గడిపారు. మడ్డీ వాటర్స్ పాడిన 'హూచీ కూచీ మ్యాన్' (1954) ఆయన రచన. అందులోని బేస్ కూడ ఆయనదే. చక్ బెర్రీ పాడిన 'మేబెలీన్' (1955), 'జానీ బి. గుడ్' (1958) పాటలలోనూ ఆ చేయే పలికింది. 1962 నుండి బ్లూస్ బృందంతో ఐరోపా నగరాలు తిరిగారు.

ఇక నా వాదం. రచయితగా డిక్సన్ తన హక్కుల కోసం పోరాడగలిగారు. 1969లో లెడ్ జెప్లిన్ బృందం వెలువరించిన 'హోల్ లాటా లవ్'లో తన పాట జాడలున్నాయని 1985లో దావా వేశారు. రెండేళ్ళకు రాజీ కుదిరింది. ఆ పాట రచయితలలో ఆయన పేరు చేరింది. మరి బేస్ వాద్యకారునిగా? అక్కడ దావా వేసే దారియే లేదు. పదానికీ వరుసకూ చట్టం ఆస్తిహోదా ఇచ్చింది. వాటిని నిలబెట్టిన మంద్రస్వరానికి ఆనాటి కూలితో లెక్క తీరిపోయింది.

కూలి ముట్టిన తరువాత ఇంకేమి కావాలి, వాయించిన ప్రతివానికీ వాటా ఇస్తే పాట ఎవరిదో తేలేదెట్లా అని కొందరు అడుగవచ్చు. ధనం విషయంలో ఆ ప్రశ్నకు బలముంది. పేరు విషయంలో లేదు. పేరు వ్రాయడానికి అయ్యే ఖర్చు ఒక్క పంక్తి సిరా.

1977లో వాయేజర్ నౌకలతో పంపిన బంగారుపూత పళ్ళెంలో మన కేసర్బాయి కేర్కర్ గానంతోపాటు 'జానీ బి. గుడ్' కూడ ఉన్నది. 2012లో వాయేజర్ 1 నక్షత్రాంతర సీమలో అడుగిడినప్పుడు డిక్సన్ మీటిన తీగల నాదమూ దానివెంట వెళ్ళింది. భూమి మీద మాత్రం ఆ ప్రస్తావన వచ్చినప్పుడు మనం చెప్పుకునేది చక్ బెర్రీ పేరొక్కటే.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన పాత సినిమాపాటల రికార్డుల మీద గాయకులు, రచయిత, సంగీత దర్శకుల పేర్లుండేవి. వేణువు ఊదినవారు, వీణ మీటినవారు, తబలా వాయించినవారు ఎవరో ఆ చీటీ చెప్పదు. వారిని ఎరిగినవారు నానాటికీ తగ్గిపోతున్నారు. కనుక మిత్రులారా, పాటను గూర్చి వ్రాసేటప్పుడు సాహిత్యంతో ఆగక, దానిని మోసిన ఒక్కరి పేరైనా విచారించి వ్రాయండి. చట్టం ఇవ్వలేని గౌరవం ఇవ్వగలిగినది శ్రోతయే.