పెద్ద అంకె, చిన్న స్వరము
కోరాపుట్, రాయగడ జిల్లాలలోని మన విద్యార్థులకు ఇంటియందు తెలుగు, వీధిలో ఒడియా, సంతలో దేశియా, కువి. మంచి తెలుగు ఉచ్చారణ వారికి అబ్బవలెనన్న వినికిడియే ఆధారము. అందులకై ఫోనులో పద్యములు వినుటకు హెడ్‌ఫోను కొనుచున్నారు. పెట్టెపై ఓముల అంకె పెద్దదైనచో వస్తువు మేలైనదని పలువురు భ్రమపడుచున్నారు.

ఆ అంకె అవరోధమును మాత్రమే తెలుపును. ఒకే వోల్టేజి వద్ద 32 ఓములది గ్రహించు శక్తిలో 300 ఓములది సుమారు పదవవంతే గ్రహించును. చిన్న ఫోను దానికి చాలినంత వోల్టేజి నీయజాలదు. స్వరము సన్నగిల్లును, అల్పప్రాణ మహాప్రాణముల భేదము చెవికందదు.

పూర్వము స్ఫటికపు రేడియోకు 2000 ఓములు, అంతకు మించినవియే తగియుండెను. నేటి ఫోనునకు 16 మొదలు 32 ఓములవి చాలును. వేరుగా వర్ధకము వాడువారు, దాని నిర్గమ అవరోధమునకు కనీసము ఎనిమిదింతలైన హెడ్‌ఫోనును ఎన్నుకొనవలెను. సున్నితత్వపు అంకెను గూడ చూడవలెను.

విద్యార్థులారా! కొనుటకు ముందు మీ ఫోనునకే తగిలించి ఒక పద్యము వినుడు. తక్కువ ధ్వనిలోనే అక్షరమక్షరము స్పష్టముగా వినబడినచో అదియే మీకు తగినది. తల్లిదండ్రుల కష్టార్జితము వెల పెద్దదానికి గాక, పనికివచ్చుదానికి వెచ్చింపబడవలెనని మా అభిప్రాయము.