సింగపూరు నల్లా నీళ్ళు

మేము సింగపూరు వెళ్ళి వచ్చామని తెలిసిన దగ్గరనుంచీ మా ఇంటికి వచ్చిన ప్రతివారిదీ ఒకటే ప్రశ్న: "ఏం తెచ్చారు?" బంగారం తెచ్చామా, సెంటు సీసాలు తెచ్చామా అని వాళ్ళ ఆరాటం. నేను తెచ్చింది ఒక సీసాడు నల్లా నీళ్ళు. నవ్వకండి, సంగతి వినండి.

నా పుట్టిల్లు నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు ఒక పల్లె. మావారిది పాలమూరు. ఆయన ఉద్యోగం పుణ్యమా అని ముప్ఫై ఏళ్ళుగా నల్లగొండ పట్నంలో కాపురం. అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. కోడలు పళ్ళ డాక్టరు. ఏడేళ్ళ మనవరాలు. సెలవుల్లో అయిదు రోజులు సింగపూరు చూపిస్తానని అబ్బాయి పట్టుపట్టి అందరినీ వెంటబెట్టుకు వెళ్ళాడు.

మొదటిరోజు మెర్లయన్ దగ్గరికి వెళ్ళాం. సింహం తల, చేప ఒళ్ళు. ఎనిమిదిన్నర మీటర్ల తెల్లటి విగ్రహం. 1972లో పెట్టారట. దాని నోట్లోనుంచి ధారగా నీళ్ళు పడుతూనే ఉంటాయి. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే మావారు మాత్రం చుట్టూ వెతుకుతున్నారు.

"ఏం చూస్తున్నారు?" అన్నాను.

"గిన్ని నీళ్ళు పోతుంటే నల్లా బంద్ జేసేటోడు ఒక్కడు లేడా?" అన్నారు. పాలమూరు మనిషి మరి!

ఆ నీళ్ళు పడేది సముద్రంలో కాదని అబ్బాయి చెప్పాడు. 2008లో అడ్డంగా ఆనకట్ట కట్టి, సముద్రాన్ని బయటికి నెట్టి, దాన్ని మంచినీళ్ళ చెరువు చేసుకున్నారట. అలాంటి జలాశయాలు ఆ చిన్న దేశంలో పదిహేడు ఉన్నాయి. అక్కడ వానలకు కొదవలేదు. పట్టి దాచుకునే చోటుకే కొదవ. అందుకని పక్కనున్న మలేషియానుంచి 1962నాటి ఒప్పందం మీద నీళ్ళు కొంటారు. ఆ గడువు 2061లో తీరుతుంది. ఈలోగా సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసేస్తున్నారు. వాడిన నీటిని శుద్ధిచేసి మళ్ళీ వాడుతున్నారు.

మర్నాడు సముద్రపు ఒడ్డు తోటలో ఇనుమూ కాంక్రీటూ కలిపి కట్టిన మహావృక్షాలు చూపించారు. పద్దెనిమిది ఉన్నాయి, పెద్దది యాభై మీటర్లు. రాత్రి దీపాలు పెడితే కళ్ళు చెదిరాయి. మావారు మెడ పైకెత్తి చాలాసేపు చూసి, "మా పిల్లలమర్రి కింద ఊరంతా పండుకోవచ్చు. దీనికి నీడేది?" అన్నారు. ఏడువందల ఏళ్ళదని చెప్పుకునే మర్రి పక్కన పెరిగిన మనిషిని ఇనుపచెట్టు మెప్పించలేకపోయింది.

మనవరాలికి మాత్రం నా ఫోటోల మీదే కోపం. "నానమ్మా, నవ్వవేం? అన్నింట్లో నోరు మూసుకునే ఉన్నావు" అంది. నేను కొంగు సర్దుకున్నాను. నా పళ్ళమీద గోధుమరంగు చారలున్నాయి. మా ఊరి బావి నీళ్ళు వేసిన ముద్ర అది. కోడలు సరిచేస్తానన్నా, "ఈ వయసులో ఎందుకమ్మా" అంటూ దాటేస్తూ వచ్చాను.

ఆ రాత్రి హోటలు గదిలో దాహం వేసి సీసా నీళ్ళు తెమ్మన్నాను. "నల్లా తిప్పి తాగండి అత్తయ్యా. ఇక్కడ అందరూ అవే తాగుతారు" అని కోడలు గ్లాసు నింపి ఇచ్చింది. తాగుతుంటే ఊరికే ఉండక, "ఇందులో ఫ్లోరైడు కూడా కలుపుతారు, పళ్ళు పుచ్చకుండా. 1950లనుంచీ కలుపుతున్నారు" అంది.

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. ఏ ఫ్లోరైడు మా అక్క నడుమును వంచిందో, ఏది మా ఊళ్ళో పిల్లల కాళ్ళు వంకరలు తిప్పిందో, దాన్ని వీళ్ళు కావాలని కలుపుకుంటున్నారా!

"ఎంత?" అన్నాను.

"లీటరుకు అర మిల్లీగ్రాము, అటూఇటూగా. ఒకటిన్నర దాటితే కీడు. అంత దాటకుండా రోజూ చూసుకుంటారు."

మా నేల కింది గ్రానైటు రాయిలోనే ఫ్లోరైడుంది. నీళ్ళు అందులో ఊరి దాన్ని వెంట తెస్తాయి. ఆ జబ్బు పేరుతోనే మా ఊరి పేరు దేశమంతా తెలిసింది. 1970లలో నాగపూర్ పరిశోధకులు పటికా, సున్నమూ, బ్లీచింగు పొడీ కలిపి ఫ్లోరైడు తీసే ఉపాయం కనిపెడితే దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు పెట్టారు. నాగార్జునసాగరం మా జిల్లాలోనే ఉన్నా, కృష్ణ నీళ్ళు మా అక్క వాకిట్లోకి వచ్చేసరికి ఆమె నడుము వంగిపోయింది.

తిరిగి వచ్చిన వారానికే అక్క దగ్గరికి వెళ్ళాను. "అంత దూరం పోయి నాకేం దెచ్చినవే చెల్లె?" అంది. సీసా మూత తీసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "సప్పగున్నయి. మన బోరు నీళ్ళే నయం" అంది.

గుండె గుభేలుమంది. "ఇంకా బోరు నీళ్ళు తాగుతున్నారా?"

"నల్లా రాని దినం ఏం తాగాలె? పిలగానికైతే కాగబెట్టే పోస్తున్నం."

పిలగాడంటే దాని మనవడు. ఆరేళ్ళవాడు, పాలపళ్ళు ఊడుతున్నాయి. కాచితే పోయేది క్రిములే. ఫ్లోరైడు పోదు సరిగదా, నీళ్ళు ఇగిరినకొద్దీ చిక్కనవుతుంది. పళ్ళమీద చారలు పడేది చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే ఈ వయసులోనే. ఈ మాటలన్నీ నాకు చెప్పింది కోడలే. అక్కకు చెప్పినవాళ్ళే లేరు.

ఆ సీసాలోని సింగపూరు నీళ్ళు పారబోసి, కడిగి, బోరు నీళ్ళు పట్టుకుని పట్నం తెచ్చి పరీక్ష చేయించాను. లీటరుకు మూడు మిల్లీగ్రాములు తేలింది. అంటే హద్దుకు రెట్టింపు.

అక్క కొడుకు ఆ సాయంత్రమే బోరుకు ఎర్రరంగు పూశాడు. ఇక అది బట్టలకూ అంట్లకూ మాత్రమే. నల్లా వచ్చిన రోజున తాగే నీళ్ళు వేరే గోలెంలో పట్టి మూత పెడుతున్నారు. అక్క మాత్రం "నీ సింగపూరు మా బోరు మీదికొచ్చింది" అని సణుగుతూనే ఉంది.

మొన్న పిల్లవాడు ఫోన్లో ముఖం చూపించి నోరు తెరిచాడు. ముందు పన్ను కొత్తగా మొలిచింది. తెల్లగా ఉందో, లేదో ఆ చిన్న అద్దంలో నాకు సరిగా ఆనలేదు. దీపావళికి వెళ్ళి వెలుతురులో చూడాలి.