ఎనభై శాతం ఎవరి లెక్క?

2025 మార్చి 23న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ రాజస్థాన్ మీద 286 పరుగులు కొట్టింది. ఇక ఈ జట్టుకు మూడు వందలు ఖాయమన్నారు. నాలుగు రోజులకు అదే మైదానంలో లక్నో మీద 190 దగ్గరే ఆగిపోయింది. లక్నో ఆ పరుగుల్ని పదిహేడో ఓవర్లోనే కొట్టేసింది. తర్వాత విశాఖలో ఢిల్లీ చేతిలో ఓటమి, కోల్‌కతాలో 120కే ఆలౌట్, మళ్లీ ఉప్పల్‌లో గుజరాత్ చేతిలో ఓటమి. ఇక అయిపోయిందని అందరూ అనుకున్నాక ఏప్రిల్ 12న పంజాబ్ ఇచ్చిన 246 లక్ష్యాన్ని ఊదేసింది. అందులో అభిషేక్ శర్మవే 141.

అభిమానికి ఇది ఆటలోని అందం. కానీ మా తంగళ్ళపల్లిలో, మానేరు అవతల సిరిసిల్లలో, అటు కోరుట్ల, జగిత్యాలలో ఫోన్ చేతపట్టుకుని పందెం కాసే కుర్రాళ్లకు ఈ మూడు వారాలు ఏం చేసి ఉంటాయో ఆలోచించండి. మొదటి మ్యాచ్ చూసి అందరూ ఎటు వెళ్లారో అటు వెళ్లినవాడు నాలుగుసార్లు పోగొట్టుకున్నాడు. ఐదోసారి అందరితోపాటు జట్టు మారినవాడు అప్పుడూ పోగొట్టుకున్నాడు.

‘అందరూ అటే పెడుతున్నరు అన్నా’ అనే మాటకు ఇప్పుడు అంకెల వేషం వచ్చింది. బెట్టింగ్ యాప్‌లలో, టెలిగ్రామ్ చానళ్లలో ‘80 శాతం మంది హైదరాబాద్ వైపే’ అని చూపిస్తారు. దాన్ని చూసి కాస్తే విశ్లేషణ చేసినట్టు ఉంటుంది. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే: ఆ అంకె మ్యాచ్ గురించి ఏమీ చెప్పదు. నిజమే అయినా, పందెం కాసేవాళ్ల మనసు గురించి మాత్రమే చెబుతుంది. పైగా మన దగ్గర అది నిజమో కాదో తేల్చే నాథుడే లేడు.

ఈ పద్ధతి ముదిరిన చోటు అమెరికా. 2018 మే 14న అక్కడి సుప్రీంకోర్టు క్రీడా పందేలపై ఉన్న కేంద్ర చట్టాన్ని కొట్టేశాక చాలా రాష్ట్రాలు వాటిని చట్టబద్ధం చేశాయి. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మనకు ఐపీఎల్ లాంటి పిచ్చి. మన ప్రాంతం నుంచి చదువులకు వెళ్లిన పిల్లలూ అదే వాతావరణంలో ఉన్నారు. ప్రతి మ్యాచ్‌కూ ఎంతమంది ఎటు కాశారో, డబ్బు ఎటు ఎక్కువ పడిందో వేర్వేరుగా ప్రకటిస్తారు. ఈ రెండూ ఒకటి కావు. వెయ్యి మంది తలా 500 చొప్పున ఒక జట్టు మీద పెడితే ఐదు లక్షలు. ఎదుటి జట్టు మీద ఒక్కడే పది లక్షలు పెట్టాడనుకోండి. మనుషుల లెక్కలో దాదాపు అందరూ ఇటు, డబ్బు లెక్కలో మూడింట రెండు వంతులు అటు.

అందుకే జనానికి ఎదురు కాయాలనే సిద్ధాంతం ఒకటి అక్కడ పుట్టింది. పేరున్న జట్ల మీద అభిమానంతో డబ్బు కుమ్మరిస్తారు కాబట్టి ఎదుటి జట్టు చవకగా దొరుకుతుందని దాని వాదన. వినడానికి బాగుంటుంది. కానీ జనం ఎటు ఉన్నారో మీకంటే ముందు బుకీకి తెలుసు. ధర నిర్ణయించేది వాడే. పైగా అక్కడ మామూలు రేటు 110 పెడితే గెలుపు 100. అంటే 21 పందేలలో 11 గెలిచినా చేతికి మిగిలేది సున్నా. మలక్‌పేట రేసుల్లో టోట్ కౌంటర్ దగ్గరా ఇదే సూత్రం కనిపిస్తుంది. పడిన డబ్బంతా ఒక కుప్ప, అందులో నిర్వాహకుల వాటా తీసేశాకే గెలిచినవాళ్లకు పంపకం. అందరూ ఒకే గుర్రం మీద కాస్తే, అది గెలిచినా దక్కేది స్వల్పం.

ఆ పందేలకు లెక్కలైనా ఉన్నాయి, అడిగే అధికారులైనా ఉన్నారు. మన కుర్రాడి ఫోన్‌లో ఏముంది? వాట్సాప్‌లో ఎవరో ఇచ్చిన ఐడీ, ఎవరిదో తెలియని ఖాతాకు యూపీఐలో పంపిన డబ్బు. ‘పక్కా టిప్’ చానళ్ల కిటుకు ఇంకా ఘోరం. వెయ్యి మందిలో సగానికి ఒక జట్టు, మిగతా సగానికి రెండో జట్టు గెలుస్తుందని చెబుతారు. తప్పిన సగాన్ని వదిలేసి మిగిలిన ఐదు వందల మందిని మళ్లీ చీలుస్తారు. నాలుగు మ్యాచ్‌లు అయ్యేసరికి అరవై మందికి పైగా ఆ చానల్ దేవుడిలా కనిపిస్తుంది. ఐదో మ్యాచ్‌కి వాళ్లు మిత్తికి తెచ్చి మరీ పెడతారు. సాంచాల మీద పగలూ రాత్రీ నిలబడి సంపాదించే కూలితో తీర్చాల్సిన అప్పు అది. పని దొరకని రోజుల్లో ఆ అప్పు తీరే దారి ఉండదు. అది మోసేది ఇంట్లో బీడీలు చుట్టే తల్లి.

తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో యాప్‌లకు ప్రచారం చేసిన సినిమా తారల మీద కేసులు పెట్టారు. అదే ఏడు ఆగస్టు 21న పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో, డబ్బు ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. తారల్ని అడగడం మంచిదే. కానీ ‘80 శాతం మంది ఇటే’ అని రోజూ సాయంత్రం పోస్టు పెట్టే చానల్ కూడా ప్రచారమే. సినిమా తార ముఖం కంటే ఈ అంకె కుర్రాణ్ణి తొందరగా పడగొడుతుంది. దాని మీదా ఇదే సెక్షన్ కింద కేసు పెట్టాలి.

ఇందులో ఒక చిక్కుంది. ఆ చానళ్ల వివరాలు ఉన్నది డబ్బు పోగొట్టుకున్నవాడి దగ్గరే. కేంద్ర చట్టం ఆడినవాడికి శిక్ష వేయదు, రాష్ట్ర చట్టం వేస్తుంది. అందుకే వాడు స్టేషన్ గడప తొక్కడు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడు, ఇంట్లోనూ చెప్పడు. మనసు చెదిరినప్పుడు మాట్లాడటానికి 14416 టెలీ మానస్ ఉందని వాడికి చెప్పేవాళ్లు కావాలి. ఫిర్యాదుతో వచ్చినవాడి మీద కేసు పెట్టబోమని, ఐడీ ఇచ్చినవాడి నంబరు చెబితే చాలని మన జిల్లాల పోలీసులు ఐపీఎల్ మొదలయ్యేలోపే ఊరూరా ప్రకటించాలి.

– మానేరు