ఉంగరం మీద ఉంగరం

వేలికొక ఉంగరం చొప్పున పది తొడిగితే పది రెట్ల బలం వస్తుందా? ఈ ప్రశ్న మీద అఫ్జల్‌గంజ్‌లో ఒక మేడ గదిలో కూర్చుని ఐదుగురు మిత్రులం మూడు ఆదివారాలు పోట్లాడుకున్నాం. మాలో ఒకడు అలిగి రావడమే మానేశాడు. పరీక్షలు దగ్గరపడుతుంటే ఇదేం తగాదా అని నవ్వే అధ్యాపకులకు ముందుగానే నమస్కరించి ఒక మాట మనవి చేస్తాను: తగాదా చిన్నదే, అందులో వున్న న్యాయం మాత్రం చిన్నది కాదు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరు దీన్ని లోకానికిచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు: యోధుడు, పూజారి, మాంత్రికురాలు, గాయకుడు. కత్తి దూస్తే తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పాచిక మీద పడ్డ అంకెకు మన దాడి బలం కలిపి, ఆ మొత్తం ఎదుటివాడి రక్షణాంకాన్ని అందుకుంటే దెబ్బ తగిలినట్టు. మంత్రాలూ మహిమగల వస్తువులూ ఈ లెక్కలో ఒకటో రెండో చేరుస్తాయి. వాటినే బోనస్ అంటాం. ఇరవై ముఖాల్లో ఒక్కొక్కటి నూటికి ఐదు వంతులు కనుక, ఒక్క అంకె బోనస్ కూడా తక్కువేమీ కాదు.

మేము ఆడేది 2003లో సవరించిన మూడున్నర ఎడిషన్. అందులో ప్రతి బోనస్‌కూ ఒక జాతి వుంటుంది. ధైర్యం పెంచేది ఒకటి, అదృష్టం వల్ల వచ్చేది ఒకటి, దెబ్బను పక్కకు తిప్పేది మరొకటి. వేర్వేరు జాతులవి కూడుతాయి. ఒకే జాతివి రెండు వస్తే పెద్దది మాత్రమే నిలుస్తుంది, చిన్నది లెక్కలోకి రాదు. తప్పించుకునే నేర్పు లాంటి ఒకటి రెండింటికి మినహాయింపు వుంది. సూత్రం ఇంతే. మా స్నేహానికి ఎసరు పెట్టింది కూడా ఇదే.

ఆ రోజు మా పూజారి అందరినీ దీవించాడు. దాడికి ఒక అంకె బోనస్, ధైర్యం జాతి. వెంటనే మా గాయకుడు వీరగీతం ఎత్తుకున్నాడు. అదీ ఒక అంకే, అదీ ధైర్యం జాతే. ఆట నడుపుతున్న నేను పుస్తకం చూసి, "రెండూ కలవవు, ఒకటే" అన్నాను. గాయకుడి ముఖం వాడిపోయింది. "మరి నా పాట ఎందుకురా? ఇంట్లో కూర్చుంటా తీ" అన్నాడు. అన్నట్టే మరుసటి ఆదివారం రాలేదు.

మిగిలినవాళ్ళు నన్ను తప్పుపట్టారు. "పుస్తకం పక్కన పెట్టు, అన్నీ కలిపెయ్యి, అందరూ సంతోషంగా వుంటారు" అన్నారు. సరేనని ఒక ఆదివారం అలాగే ఆడాం. జరిగింది చెబుతాను, లెక్క మీరే చూడండి.

మా యోధుడి రక్షణాంకం 20. శత్రువు దాడి బలం 8. అంటే పాచిక మీద 12 గానీ ఆ పైన గానీ పడితేనే దెబ్బ: తొమ్మిది ముఖాలు, నూటికి 45. యోధుడు మూడేసి అంకెల రక్షణ ఉంగరాలు రెండు చేతులకూ తొడిగాడు. పూజారి మంత్రంతో మరో మూడు తెచ్చాడు. మూడూ దెబ్బను పక్కకు తిప్పే జాతే. సూత్రం ప్రకారమైతే రక్షణాంకం 23 అయ్యేది, శత్రువుకు నూటికి 30 అవకాశం మిగిలేది. సూత్రం ఎత్తేశాం కనుక 29 అయింది. ఇక పాచిక మీద 20 పడితే దెబ్బ ఎలాగూ తగులుతుందన్న నియమం ఒక్కటే శత్రువుకు దిక్కు: నూటికి ఐదు.

యోధుడు మహా సంబరపడ్డాడు. పోరాటం మాత్రం చప్పబడిపోయింది. దాన్ని నిలబెట్టడానికి నేను దాడి బలం 17 వున్న రాక్షసుణ్ణి దింపాను. యోధుడి విషయంలో లెక్క మళ్ళీ పాత 45 దగ్గరికే వచ్చింది. కానీ పక్కన నిలబడ్డ మాంత్రికురాలి రక్షణాంకం 14. ఆమెకు నూటికి 95 దెబ్బలు తగిలే పరిస్థితి. రెండో చుట్టులోనే ఆమె నేల కరిచింది. "వాడి ఉంగరాలకు నేను చచ్చాను" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఒకడు హద్దు లేకుండా పోగేసుకున్నదానికి ఖర్చు పక్కవాళ్ళు భరించారు. అందరి సంతోషం కోసమని ఎత్తేసిన సూత్రం అందరిలోకీ బలహీనురాలి మీద పడింది.

మా మేడ గది కింద మిత్రుడి నాన్నగారి దుకాణం. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన ఈ గంజ్‌లో లెక్కలు తెలియనివారు అరుదు. చాయ్ పంపించడానికి పైకొచ్చిన పెద్దాయన మా గొడవ విని ఒకే మాట అన్నారు: "ఒకే బస్తాను రెండు చీటీల మీద రాస్తే బస్తాలు రెండవుతాయా బేటా?" మూడు వారాల నుంచి నేను పుస్తకం తిరగేసి చెప్పలేని సంగతి అది.

ఇదేదో ఆట ముచ్చట మాత్రమే అనుకోకండి. నాలుగడుగులు వేస్తే ఉస్మానియా ఆస్పత్రి. చుట్టూ మందుల దుకాణాలు. జ్వరానికి ఒక పేరున్న మాత్ర, ఒళ్ళునొప్పులకు ఇంకో పేరున్న మాత్ర కొంటాం. రెండింటిలోనూ వుండేది పారాసిటమాలే కావచ్చు. పేర్లు రెండైనా మందు ఒకటే. మేలు కొంతవరకే పెరిగి ఆగుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి హాని మాత్రం కూడుతూ పోతుంది. మా ఆటలోనూ అంతే: బోనస్‌లకు జాతి అడ్డొస్తుంది. శాపాలకూ లోపాలకూ జాతి లేదు. వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవన్నీ కూడుతాయి.

ఈ లెక్క మన భారతంలో లేదా? ఉద్యోగపర్వంలో భీష్ముడు రథికులనూ అతిరథులనూ లెక్కపెడుతూ కర్ణుణ్ణి అర్ధరథుడన్నాడు. సహజ కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం వుంది, బ్రాహ్మణుడి శాపం వుంది. మూడూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి, మూడూ కూడాయి. అంతటి వీరుడు సగమయ్యాడు.

ఇక నా తప్పు కూడా ఒప్పుకోవాలి. సూత్రం న్యాయమైనదే, చెప్పిన పద్ధతి అన్యాయం. "కలవవు" అన్నానే గానీ ఎందుకో చెప్పలేదు. ఆ సూత్రంలో గాయకుడికి దక్కే గౌరవం నేనే చూడలేదు. పూజారికి రోజుకు దొరికే మంత్రాలు లెక్కపెట్టినన్ని. పాట వున్నచోట దీవెన అక్కర్లేదు కనుక ఆ మంత్రం బదులు ఇంకొకటి సిద్ధం చేసుకోవచ్చు. పైగా దీవెన ఎప్పటికీ ఒక అంకే. పాట ఎనిమిదో మెట్టుకు రెండవుతుంది. ఈ మాట చెప్పడానికి గాయకుడి ఇంటికి నేనే వెళ్ళాను. అంతా విని, "ఇది ఆరోజే చెప్పొచ్చు కదరా" అన్నాడు. ఆదివారం వచ్చాడు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఈ జాతుల పట్టికను చాలావరకు తీసేసింది. అయినా ఒకే మంత్రం ఒకరి మీద రెండుసార్లు కూడదంది. తమతో అనుసంధానం కోరే మహిమ వస్తువులను ఒక్కొక్కరికి మూడింటికి మించి ఒప్పుకోలేదు. దారి మారింది, న్యాయం మారలేదు.

కనుక నా అభిప్రాయం ఇది. ఒకే రకం బలాన్ని ఎంత పోగేసినా ఒక్కటిగానే లెక్కించాలి. అప్పుడే వేరే రకం బలం వున్నవాడికి మన పక్కన చోటు దొరుకుతుంది. మన యూనియన్ సభలో ఐదుగురు లేచి ఒకే మాట ఐదుసార్లు చెబితే వాదనలు ఐదు కావు. వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్న ఆరో మనిషి దగ్గర వేరే మాట వుండొచ్చు, ముందు ఆయన్ని అడగండి. ఉంగరాలు లెక్కపెట్టుకునే పని తర్వాత చూసుకోవచ్చు.