రాక్షసుడికి నలుపే ఎందుకు?

పాఠశాల వార్షికోత్సవంలో రామాయణ నాటిక వేస్తే రావణుడి వేషానికి తరగతిలో నల్లగా ఉన్న పిల్లవాణ్ణి వెతకటం మన ఊళ్లలో పరిపాటి. పిల్లవాడు తెల్లగా ఉంటే ముఖానికి మసి పూస్తారు. వేషం తీసిన తర్వాతా తోటి పిల్లలు నల్లపిల్లవాణ్ణి ‘రాక్షసుడా’ అనే పిలుస్తారు. ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు.

నలుపు రాక్షసుల సొంత రంగా? రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుడంటేనే నల్లనివాడని అర్థం. రావణుడు పులస్త్యబ్రహ్మ మనుమడు, వేదం చదివినవాడు. అతణ్ణి చెడగొట్టింది పరస్త్రీ వ్యామోహమే గాని ఒంటిరంగు కాదు.

మన సినిమాలు ఈ సంగతి ఏనాడో చూపాయి. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణి చూసి పిల్లలు జడుసుకోలేదు, ముచ్చటపడ్డారు. 1958 నాటి ‘భూకైలాస్’లో ఎన్.టి. రామారావు రావణుడు పరమ శివభక్తుడు.

మాచర్ల చెంతనున్న నాగార్జునకొండ శిల్పాలు చూడండి. బుద్ధునిపై మారుడు దండెత్తిన ఘట్టంలో బుద్ధుడికొక రాయి, మారుడి సేనకొక రాయి వాడలేదు. అంతా మన పల్నాటి సున్నపురాయే. తేడా అల్లా బుద్ధుడి ప్రశాంతతలో, మారుడి సేన ఆగడంలో కనబడుతుంది. రాక్షసత్వం చేతల్లో ఉంటుందని సుమారు 1700 ఏళ్ల క్రితమే ఆ శిల్పులు ఎరుగుదురు.

ఉపాధ్యాయులకు మనవి. ఇకనైనా వేషాలు గొంతునూ వాచకాన్నీ చూసి ఇవ్వండి. రావణుడికి కిరీటం, మీసం, గద చాలు. మసి అక్కరలేదు.